ఐఆర్ కరెన్సీ నిలుపుకోవడం: సేఫ్టీ పైలటా, సిమ్యులేటరా, ఐపీసీనా, నిజం మబ్బా?

అమెరికాలో మనవాళ్ళలో వీకెండ్ పైలట్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, డాలస్‌లో, బే ఏరియాలో, న్యూజెర్సీలో వారమంతా ఆఫీసు, శనివారం పొద్దున్నే సెస్నా. వాళ్ళలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) తెచ్చుకున్నవాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే, "అన్నా, నెలాఖరుకి కరెన్సీ అయిపోతోంది, ఎవరినైనా సేఫ్టీ పైలట్‌గా కూర్చోబెట్టుకుని ఆరు అప్రోచ్‌లు కొట్టేయనా, సిమ్‌లో కానిచ్చేయనా, లేక ఐపీసీ చేయించుకోనా?" కరెన్సీ అంటే ఇక్కడ డబ్బు కాదు, ఆ రేటింగ్‌ని వాడుకోవడానికి ఈ మధ్యే చేసి ఉండాల్సిన అభ్యాసం. అప్రోచ్ అంటే పరికరాలు చూస్తూ రన్‌వేకి దిగడం, సేఫ్టీ పైలట్ అంటే మనకి బయట కనిపించనప్పుడు పక్కన కూర్చుని బయట చూసేవాడు, ఐపీసీ అంటే ఇన్‌స్ట్రక్టర్ చేసే ఇన్‌స్ట్రుమెంట్ ప్రొఫిషియెన్సీ చెక్. చాలామంది దీనికి రేటు చూసి జవాబు చెప్తారు. నాకు మాత్రం ఒక్కో దారి మనలో ఒక్కో దాన్ని పదును పెడుతుందనిపిస్తుంది, అందుకే ఫలానా మనిషికి ఎక్కడ తుప్పు పడుతోందో అడిగి తెలుసుకోకుండా ఏది మంచిదో చెప్పలేను. నేను ఎగిరేది డాలస్‌కి ఉత్తరాన మెకిన్నీ నుంచి, సెస్నా 172లో, కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఉంటాయి.

రూల్ ఏం లెక్కపెడుతుంది

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రూల్ 61.57 ప్రకారం గడిచిన ఆరు క్యాలెండర్ నెలల్లో ఆరు ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు, హోల్డింగ్ (ఒకచోట చుట్టూ తిరుగుతూ ఆగడం), ఇంకా నావిగేషన్ ఆధారంగా ఒక కోర్సుని అందుకుని దాని మీద నిలబడి వెళ్ళడం చేసి ఉండాలి. నిజం మబ్బులో చేసినా సరే, ఫాగుల్స్ (గేజ్‌లు తప్ప బయట కనిపించకుండా చేసే అద్దాలు) పెట్టుకుని చేసినా సరే. ఇక్కడ క్యాలెండర్ నెల అన్న మాట పట్టుకోండి. మార్చి 10న ఆరూ ఒకేరోజు చేశారనుకుందాం, సెప్టెంబర్ 30 దాకా మీరు కరెంట్. అక్టోబర్ 1 నుంచి ఐఎఫ్ఆర్‌లో (పరికరాల మీద ఎగిరే నియమాల కింద) పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానానికి బాధ్యుడైన పైలట్‌గా, వెళ్ళకూడదు, కానీ ఇంకో ఆరు నెలలు, అంటే మళ్ళీ మార్చి 31 దాకా, సేఫ్టీ పైలట్‌తోనో సిమ్‌లోనో ఆ లోటు పూడ్చుకోవచ్చు. అదీ దాటిపోయిందా, ఇక ఐపీసీ ఒక్కటే దారి.

అప్రోచ్ లెక్కలోకి రావడానికి కూడా షరతు ఉంది, 2015లో ఎఫ్ఏఏ దీని మీద వివరణ ఇచ్చింది. ఫాగుల్స్ కింద చేస్తుంటే మినిమమ్స్ (రన్‌వే కనిపించకుండా అంతకన్నా కిందికి దిగకూడని ఎత్తు) దాకా దిగాలి, నిజం మబ్బులో అయితే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (దిగడంలో చివరి భాగం మొదలయ్యే చోటు) దాటాక మబ్బులోంచి బయటపడితే చాలు. రెండు వేల అడుగుల దగ్గరే ఫాగుల్స్ తీసేసి రన్‌వే చూసుకుంటూ దిగి దాన్ని లాగ్‌బుక్‌లో రాసేవాళ్ళని చూశాను, దయచేసి అలా రాయకండి.

ఇండియాలో పద్ధతి వేరు. అక్కడి విమానయాన సంస్థ డీజీసీఏ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ 12 నెలలకి ఇస్తుంది, అప్రోచ్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఉండదు, ఏడాది తిరిగేసరికి చెక్ ఇవ్వాలి. ఎఫ్ఏఏ మనల్ని మన లెక్కకే వదిలేసింది. అందుకే ఇక్కడ చెక్‌రైడ్ (రేటింగ్ పరీక్ష) అయ్యాక పదేళ్ళపాటు మన ఇన్‌స్ట్రుమెంట్ పనిని ఏ ఇన్‌స్ట్రక్టరూ చూడకుండానే కరెంట్‌గా ఉండిపోయే వీలుంది, నాకు భయం వేసేది అక్కడే.

నేను దేన్ని చూసి ఎంచుకుంటాను

మొదటిది స్కాన్. యాటిట్యూడ్ (విమానం ఒరిగిన తీరు), హెడ్డింగ్ (దిశ), ఆల్టిట్యూడ్ (ఎత్తు), స్పీడ్ మధ్య కన్ను ఆగకుండా తిరగడం. రెండు నెలలు ఎగరకపోతే ముందు మందగించేది ఇదే, ఒక గేజ్ మీద కన్ను అతుక్కుపోతుంది. రెండోది బటన్ల పని, అంటే జీపీఎస్‌లో అప్రోచ్ లోడ్ చేయడం, కంట్రోలర్ చివరి నిమిషంలో వేరే అప్రోచ్ ఇస్తే తడబడకుండా మార్చడం, హోల్డ్ ఎంట్రీ. మూడోది రేడియో, అంటే విమానం నడుపుతూనే క్లియరెన్స్ విని, రాసుకుని, తిరిగి చదవడం. నాలుగోది ఈ రోజు వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం. ఐదోది నా తప్పు నాకు చూపించే మనిషి ఉన్నాడా లేడా.

ఆరోది చెవి, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. లోపలి చెవిలోని ద్రవం మనకి ఒరిగామో లేదో చెప్తుంది, కానీ తిరుగుడు నెమ్మదిగా మొదలైనా, చాలాసేపు ఒకేలా కొనసాగినా అది చెప్పేది తప్పు. బయట హొరైజన్ కనిపిస్తే కన్ను ఆ తప్పుని దిద్దుతుంది. మబ్బులో దిద్దేది ప్యానెల్ ఒక్కటే. 1954లో ఇల్లినాయిస్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని బయట కనిపించకుండా చేసి నడపమన్నారు, ఇరవై మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లకి. అయ్యో వాళ్ళకి శిక్షణ లేదు కదా అంటారేమో. 2020 జనవరి 26న కోబీ బ్రయంట్‌తో కలిపి తొమ్మిది మంది చనిపోయిన హెలికాప్టర్ పైలట్‌కి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. మబ్బులోకి వెళ్ళాక నాలుగు వేల అడుగులకి ఎక్కుతున్నానని రేడియోలో చెప్పాడు, అప్పటికి హెలికాప్టర్ ఎడమకి ఒరిగి కిందికి దూసుకుపోతోంది. బయట చూసి నడిపే నియమాల కింద ఉండి మబ్బులోకి వెళ్ళాలన్న నిర్ణయం, దాంతో దిశ తెలియకుండా పోయి అదుపు తప్పడం కారణం అని ప్రమాదాలు విచారించే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. కార్డు మీద రేటింగ్ ఉండటం వేరు, ఆ నిమిషంలో చెవిని కాదని గేజ్‌ని నమ్మగలగడం వేరు.

సేఫ్టీ పైలట్‌తో ఫాగుల్స్ కింద

ఎక్కువమంది చేసేది ఇదే, నేనూ ఎక్కువగా ఇదే చేస్తాను. పక్కన కూర్చునేవాళ్ళకి కనీసం ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్, ఆ రకం విమానానికి కేటగిరీ, క్లాస్ రేటింగ్, మెడికల్ (ఆరోగ్య పత్రం) ఉండాలి, బేసిక్‌మెడ్ అనే తేలిక పద్ధతి అయినా సరిపోతుంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండక్కర్లేదు. విమానానికి డ్యూయల్ కంట్రోల్స్ ఉండాలి. ఇద్దరు ఫ్రెండ్స్ కలిస్తే ఒక శనివారం నేను, ఇంకో శనివారం నువ్వు అని ఖర్చు పంచుకోవచ్చు, నిజమైన కంట్రోలర్, నిజమైన ట్రాఫిక్, నిజమైన ఇంజన్ శబ్దం. మెకిన్నీలో ఐఎల్ఎస్ 18 (రేడియో సంకేతాలు చూపే దారిలో 18వ నంబరు రన్‌వేకి దిగే అప్రోచ్), అక్కణ్ణుంచి డెంటన్ వెళ్ళి ఐఎల్ఎస్ 18 లెఫ్ట్, మధ్యలో ఒక హోల్డ్ అడిగితే రీజనల్ అప్రోచ్ కంట్రోలర్లు ఖాళీగా ఉన్నప్పుడు ఇస్తారు, రెండు గంటల్లోపు మూడు నాలుగు అప్రోచ్‌లు హాయిగా అవుతాయి. రేడియోకి, స్కాన్‌కి దీన్ని మించింది లేదు.

లోటు ఏంటంటే ఫాగుల్స్ అబద్ధం చెప్తాయి. పక్క నుంచి వెలుతురు వస్తుంది. టర్న్‌లో ఉన్నప్పుడు ఎండ ప్యానెల్ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతుంది, మనం చూడట్లేదనుకుంటాం గానీ శరీరం ఆ నీడని పట్టేసుకుని తిరుగుతున్నామని లెక్క కట్టుకుంటుంది. చెవికి ఇక్కడ పరీక్షే ఉండదు. పైగా పక్కన ఉన్నది ఫ్రెండ్. "అన్నా, గ్లైడ్‌స్లోప్ కిందకి పోతున్నావ్ చూడు" అని (గ్లైడ్‌స్లోప్ అంటే దిగాల్సిన వాలు దారి) మెల్లగా చెప్పేస్తాడు, మనమే పట్టుకోవాల్సిన తప్పుని మన కోసం వాడు పట్టుకుంటాడు. నేను మా వాడికి ముందే చెప్తాను, ట్రాఫిక్ ఉంటేనో, ప్రమాదం అనిపిస్తేనో తప్ప నోరు విప్పొద్దు, తప్పులన్నీ మోకాలి మీద ప్యాడ్‌లో రాయి, దిగాక చదువు అని. మొదటిసారి అలా చేసినప్పుడు ప్యాడ్‌లో పదకొండు లైన్లు ఉన్నాయి, వాటిలో నేను గమనించినవి నాలుగే.

ఏఏటీడీ సిమ్యులేటర్

ఏఏటీడీ (అడ్వాన్స్‌డ్ ఏవియేషన్ ట్రైనింగ్ డివైస్) అంటే ఫ్లయింగ్ స్కూల్లో ఒక గదిలో ఉండే, ఎఫ్ఏఏ ఆమోద పత్రం ఉన్న యంత్రం. 2018 నుంచి కరెన్సీ కోసం ఇందులో చేసేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండక్కర్లేదు, ఆరు నెలల లెక్క కూడా విమానంతో సమానమే. సిమ్‌లో చేస్తే రెండు నెలలకే అయిపోతుంది అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు, అది పాత రూల్. అద్దె మా దగ్గర విమానం అద్దెలో సగం కూడా ఉండదు.

బటన్ల పనికి ఇది బంగారం. మధ్యలో ఆపొచ్చు, వెనక్కి వెళ్ళి అదే హోల్డ్ ఎంట్రీ ఐదుసార్లు చేయొచ్చు. విమానంలో చేయలేనివి చేయొచ్చు, మినిమమ్స్ దగ్గర ఇంజన్ ఆపేయడం, మబ్బులో ఉండగా యాటిట్యూడ్ ఇండికేటర్ నెమ్మదిగా పక్కకి వాలిపోవడం. ఈ రెండోది తప్పకుండా చేయండి, ఎందుకంటే నిజంగా పాడయ్యేటప్పుడు అది టక్కున ఆగదు, మెల్లగా వాలుతుంది, మనం దాని వెంటే వాలిపోతాం. చెవికి మాత్రం సిమ్ ఏమీ చేయదు, చాలావాటిలో కుర్చీ కదలదు కదా. నిర్ణయాలకీ ఏమీ చేయదు, ఎవరికీ ప్రాణభయం లేదు.

ఇంట్లో ఎక్స్‌ప్లేన్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్ళు అడుగుతారు, అది లెక్కకి రాదా అని. ఆమోద పత్రం లేని సెటప్‌లో చేసినవి లాగ్‌బుక్‌లోకి రావు. కానీ రేపు వెళ్ళబోయే అప్రోచ్‌ని ఈ రాత్రి ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకుంటే పొద్దున విమానంలో సగం భారం తగ్గుతుంది, పైలట్‌ఎడ్జ్ లాంటి ఆన్‌లైన్ సర్వీసులో డబ్బు కడితే మనిషే కంట్రోలర్‌గా మాట్లాడతాడు కాబట్టి రేడియో భయం ఉన్నవాళ్ళకి అదీ పనికొస్తుంది.

సీఎఫ్ఐఐతో, లేదా ఐపీసీ

సీఎఫ్ఐఐ అంటే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్. ఖర్చు ఎక్కువ, విమానం అద్దె మీద ఇన్‌స్ట్రక్టర్ ఫీజు. ఐపీసీలో ఏం చేయాలో ఎఫ్ఏఏ టెస్ట్ ప్రమాణాల్లో రాసి ఉంది, అందులో ఎక్కువ భాగం ఏఏటీడీలో చేసుకోవచ్చు గానీ సర్కిలింగ్ అప్రోచ్ (ఎయిర్‌పోర్టు కనిపించాక చుట్టూ తిరిగి వేరే రన్‌వే మీద దిగడం) లాంటి దానికి విమానం ఎక్కాల్సిందే. ఐపీసీలో ఫెయిల్ అనేది ఉండదు, సరిగ్గా రాకపోతే ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టడు అంతే, ఇంకో రోజు చేస్తారు, రేటింగ్ ఎక్కడికీ పోదు. చాలామంది ఇది తెలియక భయపడి దాన్ని తప్పించుకోవడానికే నానా తంటాలు పడతారు.

పోయినసారి నాకు ఐపీసీ చేసినాయన డెంటన్ ఐఎల్ఎస్ మీద లోకలైజర్ (రన్‌వేకి సూటిగా ఉంచే రేడియో సంకేతం) పట్టుకోగానే ఏమీ చెప్పకుండా యాటిట్యూడ్ ఇండికేటర్ మీద ఒక రబ్బరు మూత అంటించారు. తొంభై నాట్ల స్పీడు, నిమిషానికి నాలుగు వందల డెబ్బై అడుగుల చొప్పున దిగాలి, ఒరుగుని నేరుగా చూపించేది ఏదీ లేదు, తిరుగుడు చూపే టర్న్ కోఆర్డినేటర్‌ని బట్టి ఊహించుకోవాల్సిందే. అప్పటికి మూడు నెలల్లో తొమ్మిది అప్రోచ్‌లు చేసి ఉన్నాను, కాగితం మీద లోటేమీ లేదు. అయినా లోకలైజర్ సూది రెండుసార్లు సగం దాకా పోయింది, ఎందుకంటే ఆ తొమ్మిదీ అన్ని గేజ్‌లూ బాగున్నప్పుడు చేసినవే. ఆ విషయం ఫ్రెండ్ ప్యాడ్‌లో ఎప్పటికీ రాయలేడు.

నిజం మబ్బులో

ట్రిప్ ఎలాగూ ఉంది, ఐఎఫ్ఆర్ ఫైల్ చేశాం, మబ్బులో దిగాం, అది లెక్కలోకి వస్తుంది, అదనపు ఖర్చు లేదు. చెవికి, నిర్ణయానికి ఇది తప్ప ఇంకో బడి లేదు. డిసెంబర్‌లో ఒకరోజు మెకిన్నీలో ఏడు వందల అడుగుల దగ్గర మబ్బు పట్టి ఉంది, కింద తొమ్మిది డిగ్రీలు. వెక్టర్ల మీద (కంట్రోలర్ చెప్పిన దిశల్లో) కుడి టర్న్‌లో లోకలైజర్‌కి వచ్చి 180 మీద రెక్కలు సమంగా పెట్టాను, పెట్టగానే ఒళ్ళంతా ఎడమకి తిరుగుతున్నట్టు. అద్దం మీద నీటి గీతలు వెనక్కి పాకుతున్నాయి, విమానం స్ట్రోబ్ లైటు మెరిసినప్పుడల్లా చుట్టూ తెల్లగా ఒక్కసారి కొడుతోంది. చేయి దానంతటదే యోక్‌ని (విమానం స్టీరింగ్‌ని) కుడికి నెడుతోంది. "రెక్కలు సమంగా ఉన్నాయి, హెడ్డింగ్ 180" అని పైకి అనుకుంటూ, స్ట్రోబ్ ఆపేసి, యోక్‌ని రెండు వేళ్ళతో మాత్రమే పట్టుకున్నాను. నిమిషంలోపు తగ్గిపోయింది. దానికి ముందు ఏడు నెలలుగా ఫాగుల్స్ కింద ఎన్నో అప్రోచ్‌లు చేశాను, ఒక్కదాంట్లో కూడా ఇలా అనిపించలేదు.

దీనితో ఇబ్బంది ఏంటంటే అది మన చేతిలో లేదు, మీరుండే ఊరిని బట్టి ఉంటుంది. బే ఏరియా వాళ్ళు అదృష్టవంతులు, ఎండాకాలం పొద్దున పసిఫిక్ మీద నుంచి వచ్చే పల్చటి మబ్బులో ఐసింగ్ (విమానం మీద మంచు కట్టడం) భయం లేదు, సాధారణంగా ఉరుములు లేవు, పైకి వెళ్తే ఎండ. సాలినాస్, మాంటెరే వైపు దానికోసమే వెళ్ళే ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు. మా టెక్సస్‌లో ఎండాకాలం మబ్బు అంటే చాలాసార్లు ఉరుముల మబ్బే, దాని జోలికి పోకూడదు, మాకు పనికొచ్చేది గల్ఫ్ తేమతో చలికాలంలో, వసంతంలో తక్కువ ఎత్తులో పట్టే మబ్బు, అదీ ఫ్రీజింగ్ లెవెల్ (నీరు గడ్డకట్టే చలి మొదలయ్యే ఎత్తు) మబ్బుకి పైన ఉన్న రోజే. న్యూజెర్సీ, షికాగో వాళ్ళకి చలికాలమంతా మబ్బులో ఐసింగే ఎక్కువ, మామూలు 172కి ఐసింగ్‌లోకి వెళ్ళే అనుమతే లేదు.

| దారి | బాగా పదును పెట్టేది | అందనిది | ఖర్చు |
|---|---|---|---|
| సేఫ్టీ పైలట్ | స్కాన్, రేడియో | చెవి, తప్పులు చూపడం | విమానం అద్దె, పంచుకోవచ్చు |
| ఏఏటీడీ | బటన్లు, ఫెయిల్యూర్లు | చెవి, నిర్ణయం | అన్నిటికన్నా తక్కువ |
| సీఎఫ్ఐఐ, ఐపీసీ | మనకి తెలియని తప్పులు | నిర్ణయం కొంతవరకే | అన్నిటికన్నా ఎక్కువ |
| నిజం మబ్బు | చెవి, నిర్ణయం | ఎక్కువ అప్రోచ్‌లు అందవు | ట్రిప్ ఖర్చే |

ఎవరికి ఏది

నెలకి రెండు మూడుసార్లు ఎగురుతూ ఐఎఫ్ఆర్ ఎప్పుడూ ఫైల్ చేసేవాళ్ళకి సేఫ్టీ పైలట్, నిజం మబ్బు కలిపితే కరెన్సీ దానంతటదే నిలుస్తుంది, ఏడాదికొకసారి గడువుతో పని లేకుండా ఐపీసీ చేయించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుండి రెండు నెలలకొకసారి కూడా కుదరని వాళ్ళకి నా సలహా సిమ్. నెలకి ఒక సాయంత్రం గంటన్నర, పిల్లలు పడుకున్నాక వెళ్ళొచ్చు, వాన వచ్చినా ఆగదు. కానీ సిమ్‌తోనే కరెంట్‌గా ఉన్నవాళ్ళు సిమ్ నుంచి నేరుగా ఐదు వందల అడుగుల దగ్గరే మబ్బు మొదలయ్యే వాతావరణంలోకి ఫ్యామిలీని ఎక్కించుకుని వెళ్ళొద్దు, ముందు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి నిజం మబ్బులోకి వెళ్ళి రండి. కొత్త విమానానికి మారినవాళ్ళు, పాత గేజ్‌ల నుంచి గార్మిన్ గ్లాస్‌కి (స్క్రీన్ల ప్యానెల్‌కి) వచ్చినవాళ్ళు సేఫ్టీ పైలట్ జోలికి ముందే పోవద్దు, సిమ్, ఆ తర్వాత సీఎఫ్ఐఐ. ఏడాదిగా ముట్టుకోని వాళ్ళకి ఎలాగూ ఐపీసీనే, దానికి ముందు రెండు మూడు సిమ్ సెషన్లు చేసి వెళ్తే విమానంలో గంటలు మిగులుతాయి.

ఇంకా రేటింగ్ లేనివాళ్ళకి

మీరు ఎలా నేర్చుకుంటారన్నది తర్వాత మీకు ఎక్కడ తుప్పు పడుతుందో నిర్ణయిస్తుంది. ఎఫ్ఏఏ రూల్స్‌లో మామూలు దారి అయిన పార్ట్ 61లో 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ కావాలి, అందులో 15 ఇన్‌స్ట్రక్టర్‌తో, అదికాక పైలట్ ఇన్ కమాండ్‌గా 50 గంటల క్రాస్‌కంట్రీ (వేరే ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ప్రయాణాలు). ఏఏటీడీలో ఇన్‌స్ట్రక్టర్‌తో చేసినవి 20 గంటల దాకా కలుపుకోవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ ఆరేడు నెలల్లో నింపాదిగా చేసేవాళ్ళకి ఇదే నయం, వేరు వేరు రుతువులు చూస్తారు. ఎఫ్ఏఏ ఆమోదించిన స్కూళ్ళ దారి అయిన పార్ట్ 141లో 35 గంటలు చాలు, ఆ 50 గంటల షరతు లేదు, స్టూడెంట్ వీసా మీద వచ్చి ఎయిర్‌లైన్ దారిలో వెళ్ళే పిల్లలకి సరిపోతుంది. పది రోజుల్లో పూర్తి చేసే కోర్సులు కూడా ఉన్నాయి, సెలవు పెట్టి వెళ్ళి రేటింగ్‌తో తిరిగొస్తారు, కానీ పది రోజుల్లో ఎక్కింది అంతే తొందరగా దిగిపోతుంది, అందుకే అలా చేసినవాళ్ళు మొదటి ఆరు నెలలు నెలకొకసారి సీఎఫ్ఐఐతో ఎగరాలని ముందే డబ్బు పక్కన పెట్టుకోండి. ఏ దారైనా సిటిజన్ కానివాళ్ళు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది మర్చిపోయి ఇన్‌స్ట్రక్టర్ డేట్లు పోగొట్టుకోవడం నేను చూశాను. రిటెన్ 60 ప్రశ్నలు, 70 శాతం రావాలి, దాన్ని మొదట్లోనే రాసేయండి, 24 నెలలు పనికొస్తుంది.

లాగ్‌బుక్, విమానం కాగితాలు

ఏ దారిలో చేసినా అప్రోచ్ ఎక్కడ, ఏ రకం అన్నది రాయండి, "ఆరు అప్రోచ్‌లు" అని ఒక్క మాటలో రాస్తే చాలదు. ఫాగుల్స్ కింద చేస్తే సేఫ్టీ పైలట్ పేరు రాయాలి, సిమ్ అయితే ఏ యంత్రమో రాయండి. విమానం కూడా సిద్ధంగా ఉండాలి కదా, ఆల్టిమీటర్, స్టాటిక్ సిస్టమ్ చెక్ 24 క్యాలెండర్ నెలల్లోపు జరిగి ఉండాలి, వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్‌ని బట్టి దారి చూపేది) వాడేటట్టయితే 30 రోజుల్లోపు చెక్ చేసి సంతకం ఉండాలి, జీపీఎస్ డేటాబేస్ 28 రోజులకొకసారి మారుతుంది. క్లబ్ విమానంలో ఈ చివరిది ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకుంటారు, ఎక్కగానే ఆ స్క్రీన్ మీద తేదీ మీరే చూడండి.